బట్టకర్ర కుడికొస

మా చేనేత సంఘంలో నేసిన బట్టను చూసి తీసుకునే గుమాస్తా నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు. ఆ రోజు నా చీర మడత విప్పి, బల్ల మీద పరిచి, అంచుకు అంచు చేర్చాడు. చేరలేదు. ఎడమ అంచు కంటే కుడి అంచు రెండు వేళ్ళు పొట్టిగా వచ్చింది. ఆ అంచు పొడుగునా బట్ట బిగుసుకుపోయి సన్నటి ముడతలు పడింది.

“చెయ్యి తప్పిందండి బాబాయి గారూ మీకు,” అన్నాడు. “వయసు కదండీ మరి.”

నా వెనక ముగ్గురు నేతగాళ్ళు వరసలో ఉన్నారు. అందులో ఒకడు నవ్వాడు. ఎవడో నాకు తెలుసు. ఇప్పటికీ వాడి ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్తాను.

“ఏడాది బట్టీ చెప్తన్నామండి,” అని గుమాస్తా చీర మళ్ళీ మడిచాడు. “ఇంకో రెండు పడుగులు చూత్తారంట. అప్పటికీ ఇలాగే ఉంటే మీకు చీరల నూలు ఆపేసి తువ్వాళ్ళ నూలు ఇమ్మన్నారు పైవాళ్ళు. నన్ననకండి, నేను చెప్పమన్నది చెప్పేను.”

తువ్వాలు నేయడం తప్పని కాదు. మా నాన్న చెయ్యి పట్టి నాకు నేర్పించింది తువ్వాళ్ళ మీదే. కానీ జరీ అంచు చీరలు దించిన మగ్గం మీద తువ్వాలు ఎక్కించడమంటే, మనకి పని పోయిందని వీధిలో నిలబడి చెప్పుకోవడమే. అలా దిగినవాడు తిరిగి చీరలకి ఎక్కడం మా వీధిలో నేను చూడలేదు.

ఈ రాస్తున్నది ఆ గుమాస్తా గురించి కాదు. అతని గురించి రాయాలంటే వేరే నోటుబుక్కు కొనాలి. ఇది అమలాపురంలో ఇనుము చెక్కే లేత్ మిషను మీద పనిచేసే ఒకమ్మాయి గురించి. నేను ఈ రోజు కూడా చీర నేస్తున్నానంటే ఆవిడ వల్ల. ఆ మాట ఆవిడకి నోటితో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను.

మాది గుంట మగ్గం. కాళ్ళు గుంటలో పెట్టుకుని నేల మీద కూర్చుంటాం. నేసిన బట్ట చుట్టుకునే కర్ర సరిగ్గా పొట్ట ముందు అడ్డంగా ఉంటుంది. బట్టకర్ర అంటాం. జానెడు నేశాక పడుగును, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగుల్ని, వదులు చేసి, కర్రను తిప్పి, ఆ జానెడూ దాని మీదికి చుట్టాలి. కర్ర చివర పళ్ళ చక్రం ఉంటుంది. ఒక ఇనప ముక్క ఆ పళ్ళకి అడ్డం పడి కర్రను వెనక్కి తిరగనివ్వదు. రోజుకి ఎన్నిసార్లు తిప్పుతామో లెక్క ఉండదు. చేతికి అలవాటైపోయి, తిప్పుతున్నామన్న సంగతి కూడా తెలియదు.

మా కర్ర నాన్న చేయించింది, టేకుది. నా చేతిలో ముప్పై అయిదేళ్ళు నడిచింది. అలాంటిది ఏడాదిగా కుడి అంచు బిగుస్తోంది. నేను నమ్మినది ఒక్కటే: తప్పు నా చేతిది కాదు. అందుకని తప్పు ఎక్కడుందో వెతికాను. ముందు నూలు. నాసిరకం నూలు ఇస్తున్నారని సంఘం అధ్యక్షుడికి అర్జీ రాశాను. జవాబు లేదు. నకలు కాకినాడలో చేనేత శాఖ ఆఫీసుకి పంపాను. అక్కడినుంచి, “మీ విజ్ఞప్తి అందినది” అని ఒక కార్డు వచ్చింది. ఆ కార్డు నా దగ్గరే ఉంది. తరవాత పన్నె కట్టేవాడి మీద పడ్డాను. పేకను దగ్గరికి కొట్టే పన్నెలో బద్దలు వాడు సమంగా కట్టలేదని నా వాదన. వాడు వేరే పన్నె కట్టి ఇచ్చి, నమస్కారం పెట్టి, మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. వానాకాలం వచ్చింది. గోదావరికి వరద వస్తే మా గుంటలో చెమ్మ ఊరుతుంది. చెమ్మకి కర్ర వంగిపోయిందని తేల్చాను.

కర్ర చేసిన వడ్రంగిని పిలిపించాను. పెద్దవాడు. కర్ర కొసన ఒక కన్ను మూసి చూశాడు.

“తిన్నగా ఉందండీ.”

“మళ్ళీ చూడండి.”

“చూసేనండి. కర్రలో వంకర లేదు. ఉన్న వంకరంతా దాని ముందు కూర్చున్న మనిషిలోనే ఉంది,” అన్నాడు. గుమ్మంలో నూలు కండెలు చుడుతున్న నా భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆయనతో నాకు మాటల్లేవు.

సంఘంలో గుమాస్తా ఆ మాట అన్నాక నాకు నిద్ర సరిగ్గా లేదు. ఆ వారంలోనే ఐ.పోలవరం వైపు ఒక చుట్టాన్ని చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళింటి వెనకంతా రొయ్యల చెరువులు. నీళ్ళలో గాలి ఆడటానికి చక్రాలు తిరుగుతూ, నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ చక్రాలన్నీ ఒకే పొడుగాటి పైపుకి బిగించి ఉన్నాయి. పగలూ రాత్రీ నీళ్ళలో తిరిగే ఆ పైపు ఇసుమంత కూడా ఊగడం లేదు. కొసల్లో బేరింగులు ఉన్నాయి. చాలాసేపు గట్టు మీద నిలబడి చూశాను. నా కర్ర కూడా ఇలా ఇనప పైపుతో చేయిస్తే చెమ్మకి వంగదు కదా అనిపించింది. పైపు ఎక్కడ చేయించారో అడిగితే అమలాపురంలో ఒక లేత్ షాపు చెప్పారు.

వెళ్ళాను. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, పైన ఖాకీ చొక్కా తొడుక్కున్న అమ్మాయి మిషను దగ్గర ఉంది.

“మగవాళ్ళెవరూ లేరామ్మా?” అన్నాను.

“మామయ్య గారు టీకి వెళ్ళేరండి. ఆయనొచ్చినా చేసేది నేనేనండి. చెప్పండి,” అంది.

చెప్పాను. మగ్గం అంటే ఆవిడకి ఏమీ తెలియదు. తెలియదని దాచలేదు కూడా. కాగితం మీద బొమ్మ వేయించుకుంది. బట్ట ఎటునుంచి వస్తుంది, ఎటు తిరుగుతుంది, ఎంత బరువు లాగుతుంది, అన్నీ అడిగింది. నా ముప్పై అయిదేళ్ళలో నా మగ్గం గురించి ఇన్ని ప్రశ్నలు అడిగిన మనిషి ఇంకొకరు లేరు. అప్పుడు అది నాకు విసుగనిపించింది.

“పాత కర్ర వంగిందని కొలిచి చూసేరా అండీ?”

“కొలవక్కర్లేదమ్మా. నేసేవాడికి తెలుస్తుంది.”

“ఆయ్,” అంది.

లావు ఎంతుండాలో చెప్పమంటే, పాత కర్ర చుట్టూ చుట్టి తెచ్చిన దారం ముక్క ఇచ్చాను. ఆవిడ అంతే లావున్న పైపు తీసుకుని నునుపు పట్టి, బట్ట కొస బిగించడానికి పొడుగునా గాడి తీసి, రెండు కొసల్లో బేరింగులు పెట్టింది. నేను అడగని పని ఇంకొకటి చేసింది. పాత చక్రానికి పళ్ళు పెద్దవి. ఒక పన్ను జరిగితే బిగువెక్కువ, జరక్కపోతే వదులు. ఆ మధ్యలో ఎక్కడో పోగు తెగకుండా సర్దుకోవడమే మా పనితనం. ఆవిడ సన్నపళ్ళ చక్రం చేసి పెట్టింది. “ఇప్పుడు మీకు కావలసినంతే తిప్పుకోవచ్చండి,” అంది. మోచేతి దగ్గరికే అందేలా ఒక పిడి కూడా బిగించింది. అంతకుముందు ప్రతిసారీ కుడివైపుకి వంగి తిప్పేవాణ్ణి. ఆ వంగడం వల్ల నా నడుం సంగతి ఏమైందో నా భార్యకి తెలుసు, రాత్రిపూట అమృతాంజనం రాసేది ఆవిడే కాబట్టి.

కొత్త పైపు ఇంటికి తెచ్చి బిగించేటప్పుడు నా భార్య ఒక మాట గుర్తుచేసింది. మా ఇంట్లో పడుగు ఎక్కించిన ప్రతిసారీ మూడు పోగులు పేని, పసుపు రాసి, బట్టకర్ర కుడికొసన మూడు చుట్లు చుట్టి ముడి వేస్తారు. మా అమ్మ చేసేది. అమ్మ పోయాక నా భార్య చేస్తోంది. పాత దారం తియ్యరు. దాని మీదే కొత్తది పడుతుంది. అన్నేళ్ళ దారాలూ పసుపూ కలిసి గట్టిపడి, కర్రకి గాజు తొడిగినట్టు ఉండేది.

“కొత్తదాని మీద ఉత్తినే ఎలా మొదలెడతామండీ? అత్తయ్య గారి ముళ్ళు అందులో ఉన్నాయి,” అంది.

నాకూ అది సబబే అనిపించింది. తడిగుడ్డ చుట్టి కాసేపు నాననిచ్చి, ఆ దారాల గాజును పాత కర్ర నుంచి మెల్లిగా లాగి కొత్త పైపు కుడికొసకి ఎక్కించాం. లావు అదే కాబట్టి అతికినట్టు కూర్చుంది. నేనే ఎక్కించాను, ఈ చేతులతో.

మొదటి చీర దించి అంచుకు అంచు చేర్చాను. కుడి అంచు పొట్టి. ముడతలు అవే.

ఒక పడుగుకి నాలుగు చీరలు దిగుతాయి. మొదటిదే ఇలా వస్తే, గుమాస్తా ఇచ్చిన రెండు పడుగుల్లో ఒకటి పోయినట్టే. ఇంక ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రమే కూర్చుని లేత్ షాపుకి రెండు పేజీల ఫిర్యాదు రాశాను. మీరిచ్చిన పైపు వంకర అని రాశాను. నమ్మి వచ్చినవాణ్ణి ముంచారని రాశాను. ఊరు పక్కనే ఉన్నా, బస్సెక్కితే ముప్పావుగంటే అయినా, రిజిస్టరు పోస్టులో పంపాను. రేపు నాకు ఉత్తరం అందలేదని ఎవరూ అనకూడదు.

ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. తెల్లచీర కట్టుకుంది.

“ప్రార్థన అవగానే బస్సెక్కేనండి,” అంది. ఒక చేతిసంచిలోంచి నా ఉత్తరం, ఇంకో సంచిలోంచి లావులు కొలిచే ఇనప పనిముట్టు తీసింది. “మగ్గం ఎక్కడండీ?”

నా భార్య మజ్జిగ ఇవ్వబోతే, చూశాక తాగుతానంది. రెండో చీర సగం నేసి పైపుకి చుట్టి ఉంది. అదంతా విప్పమంది.

“సగంలో విప్పితే బిగువు చెడిపోతుందమ్మా.”

“విప్పకపోతే నేను చెప్పలేనండి. మీరు రాసేరుగా వంకరని. వంకరైతే నాదే తప్పు, కొత్తది చేసిత్తాను. అది తేలాలి కదండీ.”

విప్పాం. ఎడమ కొసన కొలిచింది. మధ్యలో మూడు చోట్ల కొలిచింది. ప్రతిసారీ పనిముట్టు నాకు చూపించింది. అన్నిచోట్లా ఒకటే. కుడికొసకి వచ్చేసరికి పనిముట్టు దవడలు పట్టలేదు. ఇంకా వెడల్పు చేస్తే గానీ పట్టలేదు.

“ఇదేంటండీ?” అంది.

“దారం అమ్మా. పడుగు దారం,” అంది నా భార్య.

ఆ అమ్మాయి వేలితో తడిమి చూసింది. రెండు రూపాయి బిళ్ళలు పేర్చినంత ఎత్తుంది. విప్పిన బట్టను మళ్ళీ పైపు మీదికి ఒక్క చుట్టు చుట్టమంది. చుట్టాను. చీర కుడి అంచు సరిగ్గా ఆ దారాల మీదికెక్కి కూర్చుంది.

“పాత కర్రకి కూడా ఇది ఉండేదా అండీ?”

“ముప్పై అయిదేళ్ళుగా ఉంది. దాని వల్లే అయితే మొదటినుంచీ రావాలి కదా,” అన్నాను. నాకు గెలిచినట్టే అనిపించింది.

“మొదటినుంచీ చీర ఇంతే వెడల్పాండీ?”

ఆ మాటకి జవాబు చెప్పింది నా భార్య. “లేదమ్మా. నలభై అయిదంగుళాలు నేసేవారు. నిరుడే కదా సంఘం వాళ్ళు అంచు పెంచి నలభై ఏడు చెయ్యమన్నారు.”

అంటే రెండు పక్కలా చెరో అంగుళం పెరిగింది. ఆ కుడి అంగుళం దారాల మీదికి ఎక్కింది. అక్కడ కర్ర లావు ఎక్కువ కాబట్టి ప్రతి చుట్టుకీ ఆ అంచు మిగతా బట్ట కంటే కాస్త ఎక్కువ లాగబడింది; మగ్గం మీంచి దించగానే ఆ బిగువంతా ముడుచుకుని పొట్టిదైంది. పాతకర్ర తిన్నగానే ఉంది. నూలు బాగుంది. పన్నె బాగుంది. నా చెయ్యి కూడా తప్పలేదు. రోజూ కళ్ళ ముందున్నదాన్ని, నా చేతులతో ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి మోసినదాన్ని, నేను చూడలేదు.

ఆ అమ్మాయి నవ్వలేదు. నా భార్యే నవ్వింది. “ఏడాది బట్టీ ఊరందరి మీదా అర్జీలు పెట్టేరు. దీని మీద ఒక్కటి పెట్టి ఉంటే పోయేది,” అంది.

నాకు ఒళ్ళు మండింది. గూట్లోంచి పోగులు కోసే కత్తి తీశాను. నా భార్య నవ్వు ఆపేసింది. పైపు మీద అరచెయ్యి బోర్లించి పెట్టింది.

“కొయ్యడానికి వీల్లేదు.”

“తువ్వాళ్ళు నెయ్యమంటావా నన్ను?”

“నేను కూడా అదే మగ్గానికి ముప్పై ఏళ్ళుగా కండెలు చుట్టేను. మిమ్మల్ని తువ్వాళ్ళకి దింపితే నన్ను దింపనట్టా? అయినా కోస్తానంటే కొయ్యండి. రేపటినుంచి పడుగు ఎక్కించే రోజున నేను ఈ గదిలోకి రాను.”

ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేను చాలా తక్కువసార్లు విన్నాను. కత్తి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

“కొయ్యక్కర్లేదండి పిన్ని గారూ,” అంది ఆ అమ్మాయి. మోకాళ్ళ మీద కూర్చుని పైపు కొసనీ, దాన్ని మోసే గుంజనీ చూస్తోంది. “దారం ఉండాల్సింది కర్రకి కుడికొసన. అంతేనా అండీ? గుంజకి ఇవతలే ఉండాలని ఏం లేదుగా?”

నేనూ నా భార్యా మొహాలు చూసుకున్నాం. అలా అని ఎవరూ చెప్పలేదు.

“అయితే పైపు కొసని గుంజ అవతలికి ఆరంగుళాలు పొడిగిత్తాను. అదీ కర్రలో ముక్కే, కర్రతో పాటే తిరుగుద్ది. బట్ట అక్కడిదాకా రాదు. ఇంకా ఎన్నేళ్ళు కట్టుకున్నా చోటుంటుందండి.”

నా భార్య పైపు మీదినుంచి చెయ్యి తీసింది. “మీకు మా పద్ధతులు కొత్త కదమ్మా. తప్పనిపించలేదా?”

“నాకెందుకు తప్పండీ? మా లేతు ముందు నేను రోజూ కళ్ళు మూసుకుని ఒక నిమిషం నిలబడతాను. మామయ్య గారు కరెంటు దండగంటారు,” అంది. అప్పుడు మజ్జిగ తాగింది.

తాగి, నా ఉత్తరం మడత విప్పి నా ముందు పెట్టింది. “అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయండి బాబాయి గారూ. పని బాగోలేదని రాయడం మీ హక్కు. దానికే వచ్చేను. ఈ ఒక్క ముక్క మటుకు కొట్టేసి ఇవ్వండి.”

వేలు పెట్టి చూపించింది. రెండో పేజీలో, “అనుభవము లేని ఆడమనిషి చేత పని చేయించినందువలన” అని నేను రాసిన చోట.

నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నదీ తేదీలతో చెప్పగలను. నేను ఒకరిని అన్న మాట ఇలా కాగితం మీద నా ముందుకు రావడం అదే మొదటిసారి. నా భార్య పెన్ను తెచ్చి ఇచ్చింది. ఆ మాటలన్నీ కనపడకుండా అడ్డంగా గీతలు కొట్టి, పక్కన సంతకం పెట్టాను. కొట్టివేత ఉన్నచోట సంతకం పెట్టాలని అర్జీలు రాసేవాడికి తెలుసు. ఆ అమ్మాయి సంతకం చూసి మొదటిసారి నవ్వింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. క్షమించమని నేను అనలేదు. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆవిడ దానికోసం ఆగలేదు కూడా. బస్సు టైమయిందని లేచింది.

మర్నాడు ఆ సగం చీర కోసి దించేసి, పైపు విప్పి అమలాపురం తీసుకెళ్ళాను. రెండు రోజుల్లో కొస పొడిగించి ఇచ్చింది. ఆ పొడిగింపు పైపు కంటే ఒక వెంట్రుకవాసి సన్నంగా తీసింది, దారాల గాజు తడపకుండానే ఎక్కడానికి. గాజు ఎక్కించాక చివర బిగించుకోవడానికి ఒక చిన్న బిళ్ళ కూడా చేసింది, తిరిగేటప్పుడు జారి పడిపోకుండా. ఇవేవీ నేను అడగలేదు.

ఆఖరి పడుగు ఎక్కించాం. నా భార్య మూడు పోగులు పేని, పసుపు రాసి, గుంజ అవతల కట్టింది. ఆ పడుగు నేసినన్నాళ్ళూ జానెడుకి ఒకసారి పిడి తిప్పుతుంటే సన్నపళ్ళు ఒక్కొక్కటే టిక్కుమనేవి. బిగువు నా వేళ్ళకి తెలిసినంత సన్నగా సర్దుకునేది. అంత హాయిగా నేను ఎప్పుడూ నేయలేదు. నడుం కూడా మాట విన్నది. మధ్యలో ఒకసారి వడ్రంగి ఇంటికి వెళ్ళి, మీ కర్ర తిన్నగానే ఉందండి అని చెప్పాను. “నేను చెప్పలేదేంటండీ?” అని కుర్చీ వేశాడు. ఆ రెండో మాట గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చీరలు దించి సంఘానికి తీసుకెళ్ళాను. గుమాస్తా ఒక్కొక్కటీ విప్పి అంచుకు అంచు చేర్చాడు. మొదటిదాన్ని రెండుసార్లు చేర్చి చూశాడు. వంగి, బల్లకి కన్ను ఆనించి చూశాడు. లోపలికెళ్ళి చీరల నూలు తెచ్చి తూకం వేశాడు. ఆ మౌనం కూడా నేను గుర్తుపెట్టుకున్నాను, కానీ నూలు మూట భుజాన వేసుకున్నాక దాని బరువే ఎక్కువ తెలిసింది.

ఇంటికి వెళ్ళకుండా అమలాపురం బస్సెక్కి లేత్ షాపుకి వెళ్ళాను. మిషను తిరుగుతోంది. ఆ అమ్మాయి ఏదో పొడుగాటి కడ్డీ మీద వంగి ఉంది. నన్ను చూసి, ఆగమని ఒక వేలు చూపించింది. మూట దించుకుని పక్కన నిలబడ్డాను. ఇనప రజను సన్నటి ఉంగరాలుగా కింద పడుతోంది. ఎంతసేపైందో చూసుకోలేదు.

మిషను ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మూట చూసింది.

“చీరలదేనా అండీ?”

“చీరలదేనమ్మా. అంచులు కలిశాయి.”

“ఎడమది కూడా చూసేరా?”

“రెండూ చూశాను.”

“ఆయ్,” అని మూట మీద చెయ్యి వేసి, నూలు ఎలా ఉంటుందో నొక్కి చూసింది. “వచ్చే ఏడు ఇంకా వెడల్పు పెంచమంటారేమో అండీ మీ వాళ్ళు. పెంచితే ముందు నాకు చెప్పండి. కొలిచి చూద్దాం.”

“చెప్తానమ్మా,” అన్నాను.